వెనక డిస్కులు

"చూడు, నీ కాలి మహిమ!" అన్నాడు భర్త.

మేస్త్రి విప్పి బల్ల మీద పెట్టిన రెండు బ్రేకు డిస్కుల వైపు ఆమె చూసింది. అద్దంలా మెరవాల్సిన ఇనుము మీద మేకుతో గీరినట్టు గుండ్రంగా చారలు పడ్డాయి. అంచులు వేడికి కమిలి నీలం తిరిగాయి.

"నాలుగు చక్రాలకీ ఆర్నెల్ల కిందటే కొత్తవి వేయించాను మేస్త్రీ. ఈవిడ చేతికి కారు వచ్చి మూడు నెలలు. అప్పుడే ఇలా నమిలి పెట్టింది."

ఆమె ఒక డిస్కు మీది చారని వేలితో తడిమింది. తను నడుపుతుంటే మలుపు మలుపుకీ కారు ఎగిరిపడుతున్న మాట నిజమే.

చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది. ఇంటింటికీ వెళ్ళి, మంచం పట్టినవాళ్ళ చేత కసరత్తు చేయించి నడిపించే ఉద్యోగం. ఆ పని మానేసిన ఏడేళ్ళ తర్వాత వెతుక్కుంటూ వచ్చింది. షరతు ఒక్కటే, కారు తనే నడుపుకోవాలి. చేరేదీ లేనిదీ పన్నెండింటికల్లా చెప్పమన్నారు. 'క్షమించండి, నాకు కుదరదు' అని దారిలోనే టైపు చేసి పెట్టుకుంది. నొక్కడమే తరువాయి. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

"ఇంతకీ వీటికేం చేద్దాం? లేత్ పట్టిస్తే సరిపోతుందా, కొత్తవి వేయాలా?" అడిగాడు భర్త.

మేస్త్రి డిస్కు మందం మూడుచోట్ల కొలిచాడు. "మందానికేం లోటు లేదు సారూ. లేత్ మీద పెట్టి చారలు పోయేదాకా పైపొర చెక్కిస్తే చాలు. కానీ..."

"కానీ?"

"ఇవి వెనక చక్రాలవి. ముందువి కూడా విప్పి చూశా, పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. కాలితో బ్రేకు తొక్కితే ఎక్కువ అరిగేవి ముందువే. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. రోగమేంటో తెలీకుండా మందేస్తే, కొత్తవి వేసినా మూడు నెలలకి మళ్ళీ నా గుమ్మంలోనే ఉంటారు."

"రోగం నాకు తెలుసులెండి," అని భర్త ఆమె కేసి చూసి నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, జాలి ఉంది. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "పోనీలేవోయ్, అందరికీ అన్నీ రావాలని ఏముంది? సాయంత్రం ఆరు దాటాక ఎక్కడికి కావాలంటే అక్కడికి నేనే తీసుకెళ్తాగా!"

"ఆరు దాటేదాకా రోగుల మోకాళ్ళు ఆగాలి కదండీ," అంది ఆమె మెల్లగా.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ప్రస్తుతానికి ఇవే మళ్ళీ పెట్టి చక్రాలు బిగిస్తాను. నెమ్మదిగా ఒక చుట్టు తిరిగొద్దాం. అమ్మా, నువ్వే నడుపు. సారూ, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే పక్కన కూర్చోండి. నేను వెనక ఉంటా."

కారు వీధిలోకి వచ్చింది. ఆమె చూపు రోడ్డు మీద నుంచి చీమంత కూడా పక్కకి పోలేదు. మందుల షాపు మలుపులో ఒక సైకిలు అడ్డం వచ్చింది. కాలు బ్రేకు మీద సరిగ్గా ఆనిందో లేదో, కారు ఉలిక్కిపడి ఆగింది. ముగ్గురూ ముందుకు తూలారు. బడి గోడ దగ్గరా అంతే. నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తున్నచోటా అంతే.

"చూశారా మేస్త్రీ? తొక్కడం కాదు, తన్నడం!" అన్నాడు భర్త, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

గ్యారేజీ ముందు ఆగాక ఆమె స్టీరింగు వదిలేసింది. కళ్ళు చెమర్చాయి. "ఇక చాలు బాబాయ్. నావల్ల కాదు."

"ఇంకొక్క చుట్టమ్మా. వెనక చక్రంలో ఏదో చప్పుడు ఉందనిపిస్తోంది. సారూ, మీకు చెవులు పదును లాగున్నాయి, ఈసారి మీరు వెనక కూర్చుని కాస్త వినండి. నేను ముందుకొస్తా."

భర్త పెద్ద బాధ్యత నెత్తిన పడ్డట్టు వెనక్కి మారి, తలుపుకి చెవి ఆనించాడు.

మళ్ళీ అదే వీధి. మందుల షాపు దగ్గర ఈసారి ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. వెనక నుంచి "బ్రేక్, బ్రేక్!" అని కేక. ఆమె తొక్కింది. కారు పాల మీద మీగడలా నెమ్మదించి, ముసలాయనకు రెండు గజాల దూరంలో ఆగింది. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఏదో గాలివాటంగా కుదిరిందనుకుంది. బడి గోడ దగ్గరా కుదిరింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర, తన కాలు తన మాట వింటోందని మొదటిసారి తెలిసింది. గ్యారేజీకి నేరుగా వెళ్ళాల్సింది, అడక్కుండానే పెద్దరోడ్డు ఎక్కించి ఇంకో చుట్టు తిప్పింది. మేస్త్రి చేతులు కట్టుకుని కిటికీలోంచి దుకాణాలు చూస్తూ కూర్చున్నాడు.

కారు ఆపి దిగగానే ఫోన్ తీసింది. 'క్షమించండి, నాకు కుదరదు' అన్నది ఒక్కో అక్షరమే చెరిపేసి, 'సోమవారం చేరుతున్నాను' అని పంపింది.

భర్త చెవి రుద్దుకుంటూ దిగాడు. "నాకే చప్పుడూ వినపడలేదు మేస్త్రీ. పైగా ఈసారి ఒక్క కుదుపన్నా లేదు, వింతగా ఉంది! ఇంతకీ తేల్చండి, లేత్ పట్టిద్దామా, మార్చేద్దామా?"

"డిస్కులకి లేత్ చాలు సారూ," అన్నాడు మేస్త్రి. "మార్చాల్సిందల్లా, అమ్మ బ్రేకు తొక్కేలోపే, వెనక చక్రాల్ని పట్టే ఆ హ్యాండ్ బ్రేకు లాగేస్తున్న మీ చేతిని!"