వార్డెను రాలేని ఊరు

ఊరు మారాలనుకునేవాళ్లు ఎవరైనా అక్కడ బడి ఎలా ఉంది, నీళ్లు సరిగా వస్తాయా, అద్దెలు ఎలా ఉన్నాయి అని వాకబు చేస్తారు. ఈ భార్యాభర్తలు మాత్రం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందన్న ఒక్క ముక్కే చూశారు. ఎంత ఎత్తయితే అంత మంచిది. ఊపిరాడకపోయినా సరే.

కారణం అతని అక్క. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. ఆ మర్నాడే హాస్టల్ గది ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని వచ్చేసింది. హాస్టల్ని వదిలింది గానీ వార్డెను ఉద్యోగాన్ని వదల్లేదు. రాత్రి తొమ్మిది కొట్టగానే హాల్లో దీపాలు ఆరిపోయేవి. తెల్లారకముందే రేడియో మోగేది. ఆలస్యంగా వస్తే తలుపుకు లోపల గడియ. అది తీయాలంటే సంజాయిషీ ఇచ్చుకోవాలి. నలభై దాటిన మగవాడు, నీటి పంపుల కంపెనీలో పదిమంది మీద పెత్తనం చేసేవాడు, గుమ్మం బయట నిలబడి "ట్రాఫిక్ అక్కా" అని నసుగుతుంటే వీధి కుక్కలకు కూడా జాలేసేది.

అతని భార్య ఆమెను ఎదుట "వదినా" అనేది. చాటున "వార్డెను" అనేది.

అక్కను వదిలేసి వేరుగా పోతామంటే నలుగురూ నాలుగు మాటలంటారు. అలా దారీతెన్నూ తోచకుండా ఉన్న రోజుల్లో దేవుడిలా దొరికాడు డాక్టరు. అక్కకు ఆయాసం ఉందట. ఎత్తయిన చోట్లకు వెళ్లకూడదట. ఆ కబురు ఆమె దిగులుగా చెప్పింది. భార్యాభర్తలిద్దరూ అంతకన్నా దిగులుగా విన్నారు. ఆ తర్వాత గదిలోకెళ్లి తలుపేసుకుని మ్యాపు తెరిచారు.

కంపెనీకి కొండల వైపు మూడు బ్రాంచీలున్నాయి. ముందు కొండల అడుగున ఉన్న ఊరి మాటెత్తాడు, భోజనాల దగ్గర.

"అక్కా, నన్ను అక్కడికి బదిలీ చేసేట్టున్నారు."

"చేస్తే చేయనీరా. అంత ఎత్తువరకు పర్లేదన్నాడు డాక్టరు. నేనూ వచ్చేస్తా," అంది అక్క.

అతని భార్యకు పొలమారింది.

కొన్నాళ్లు పోయాక కొండ నడుమ ఉన్న ఊరి మాటెత్తాడు.

"అదీ అడిగాలే. మధ్యమధ్యలో ఆగుతూ వెళ్తే ఏం కాదట. మిమ్మల్ని వదిలి నేను మాత్రం ఉండగలనా?"

ఇక మిగిలింది కొండ కొమ్మున ఉన్న నగరం. అక్కడ ఏడాదిలో సగం చలి, తక్కిన సగం ఇంకా చలి. నీళ్లు తొందరగానే మరుగుతాయి గానీ గింజ ఉడకదు. రెండో అంతస్తు ఎక్కితే కుర్రాళ్లకే రొప్పొస్తుంది. కంపెనీలో ఎవరిమీదైనా బాగా కోపమొస్తే తప్ప అక్కడికి పంపరు. అలాంటి చోటుకు ఇతను తనంతట తాను వెళ్తానని వచ్చేసరికి మేనేజరు కళ్లజోడు తీసి మరీ చూశాడు.

"ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"బాగుందండీ. కొండగాలి ఒంటికి మంచిదని..."

మనిషి మనసు మార్చుకుంటాడేమోనని మేనేజరు అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

ఈసారి అక్క కుర్చీలో కూలబడింది. "అక్కడైతే నా ప్రాణం దక్కదన్నాడురా. మీరు వెళ్లండి. నా సంగతి ఎలాగో జరుగుతుంది."

"నువ్వు లేకుండా ఎలా అక్కా," అన్నాడు తమ్ముడు, గొంతు వీలైనంత వణికిస్తూ.

"పోనీ మానేద్దామండీ," అంది భార్య, మానెయ్యడన్న గట్టి నమ్మకంతో.

"వద్దమ్మాయ్, ఉద్యోగం ముఖ్యం," అంది అక్క కళ్లు ఒత్తుకుంటూ.

ఆఫీసులో అతనికి త్యాగమూర్తి అని పేరొచ్చింది. "ఇల్లు కూడా అక్కకే వదిలేసి పోతున్నా," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాడు. వేసవిలో కూడా దుప్పటి కప్పుకునే అతని భార్య, హుషారుగా రగ్గులూ మేజోళ్లూ కొనిపారేసింది. గడ్డకట్టుకుపోయినా పర్లేదంది.

లారీ వచ్చిన పొద్దున సామానంతా ఎక్కుతుండగా అక్క తన గదిలోంచి సూట్‌కేసు పట్టుకుని వచ్చింది. అతను మోస్తున్న రగ్గుల మూట జారవిడిచాడు. భార్య లారీ తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఎక్కడికక్కా?"

"ఎక్కడికేంట్రా? నా ఉన్నిబట్టలు. మీకు పనికొస్తాయని."

ఇద్దరికీ పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. లారీ కదిలింది, వెనకే వాళ్ల కారు కదిలింది. సందు మలుపు తిరిగాక మొదట ఆమె నవ్వింది, తర్వాత అతను నవ్వాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి అంతలా నవ్వింది లేదు. అప్పుడే అతని జేబులో ఏదో గుచ్చుకుంది. ఇంటి తాళంచెవి.

"ఇచ్చేసి వస్తా," అని కారు ఆపి వెనక్కి నడిచాడు. గెలిచినవాడు కదా, అక్కమీద కాస్త జాలి కూడా పుట్టింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఇక ఈ ఇల్లు నీదే అక్కా అని ఓ మంచిమాట చెబుదామనుకున్నాడు.

అక్క ప్రహరీగోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతోంది. అతను గేటు ఇవతలే ఆగాడు.

"ఆ ఆయాసంతో ఒక్కరూ ఎలా ఉంటారండీ?" అంటోంది పక్కింటావిడ.

అక్క హాయిగా నవ్వింది.

"నాకు ఆయాసమేంటండీ, నేను హాస్టల్లో ఉండగా నాలుగు రోజులుండి పోతామని నా ఇంటి తాళంచెవి పట్టుకెళ్లిన తమ్ముణ్ణి ఇక పొమ్మని నోటితో అనలేక, సెలవులకు కూడా వచ్చి దిగలేనంత ఎత్తుకు తోలడానికి ఆ ఆయాసాన్నీ ఆ డాక్టర్నీ నేనే పుట్టించాల్సొచ్చింది."