పదిహేను సెకన్ల గోడ

ఇంటి గోడలన్నీ ప్రకటనలకు ఇచ్చేసిన కాలమది. గోడ మీద ఏ బొమ్మైనా పదిహేను సెకన్లకు మించి కదలకూడదు, వేలితో ముట్టుకోనిదే మాట్లాడకూడదు. ఈ నియమాలు తప్పిన ప్రకటనలను తిప్పికొట్టడమే గవరయ్య ఉద్యోగం. కనికరం లేనివాడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

భార్య సన్యాసమ్మ సంవత్సరీకం నాడు, ఆమె గొంతు మిగిలిన ఒకే ఒక్క వీడియోను గోడకెక్కించబోయాడు. ఇరవై రెండు సెకన్లుందని గోడ తిప్పికొట్టింది.

"ఏటి బావా, నీ రూలు నీకే తగిలిందేటి?" అంది మరదలు పైడమ్మ గారెలు వేయిస్తూ. "ఓ ఏడు సెకన్లు కోసెయ్."

"దాని మాట నాను కొయ్యను" అన్నాడు. ఆమె బతికున్నన్నాళ్లూ తాను చేసిన పని అదేనని అన్నాకే గుర్తొచ్చింది.

కోయడానికి ఎక్కడైనా మాటల్లేని ఖాళీ ఉందేమోనని వీడియోను మొదటినుంచి విన్నాడు. మొదటి పదిహేను సెకన్లూ తన గొంతే. పప్పులో ఉప్పు తగ్గినందుకు ఉపన్యాసం. ఆమెకు మిగిలింది చివరి ఏడే.

గవరయ్య తన మాటలన్నీ కోసేశాడు. గోడ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. వడ్డించిన ఆకు ముందు కూర్చుని, భార్య బొమ్మను వేలితో ముట్టుకున్నాడు.

"అయిపోనాదేటి నీ పాఠం? అన్నం సల్లారిపోతంది, తిను."