పాత ఢిల్లీలో బెల్లం ముక్క

అనకాపల్లి నుంచి ఢిల్లీ చూడ్డానికొచ్చిన ఎలియాజరు, స్వర్ణకుమారి ఎర్రకోట చూసుకుని పాత ఢిల్లీ సందుల్లోనే ఓ లాడ్జిలో దిగారు. తలగడ నిండా ఎవరెవరివో తలనూనె మరకలు. స్వర్ణకుమారి దాన్ని పక్కకి నెట్టేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి పరిచి, దాని మీద నాలుగేళ్ల కూతురు ఫెబాని పడుకోబెట్టింది.

సంచిలో బెల్లం దిమ్మ చూసి లాడ్జి ముసలాయన హిందీలో ఏదో గొణిగాడు.

"ఏటంతన్నాడు?"

"రాత్రి గదిలో తీపి ఉంచొద్దంట. ఎలకలు గావాల," అన్నాడు ఎలియాజరు. "ఢిల్లీ వచ్చినా బెల్లమేనేటే నీకు?"

"మరి మీ కూతురు బెల్లం సప్పరించకండా తొంగుంటాదేటి?"

చిన్న ముక్క విరిచి దిమ్మని ముసలాయనకే ఇచ్చేసి, అలవాటుగా ఆ ముక్క పిల్ల బుగ్గన పెట్టింది.

అర్ధరాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక చప్పుడు వినపడింది. మెల్లగా, తడిగా, ఏదో నాకుతున్న చప్పుడు. ఎలకలు కొరుకుతాయి గాని ఇలా నాకవు.

"ఏవండీ, ఆ సప్పుడు ఇంతన్నారా?"

గోడ పక్కన ఎలియాజరు గురక ఆగలేదు.

పిల్లని తడిమింది. బెల్లంతో జిగటగా ఉండాల్సిన చెంప నున్నగా, తడిగా ఉంది. నుదురూ తడే. కనురెప్పలూ తడే. కుళ్లిన నోటి కంపు కొట్టింది.

స్వర్ణకుమారి పిల్ల నోట్లో వేలు పెట్టి, మిగిలిన ముక్క తీసి పిడికిట్లో బిగించింది. ఆ చెయ్యి మంచం బయటికి, పిల్లకి వీలైనంత దూరంగా చాపింది.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత ఆమె పిడికిలి మీద వెచ్చటి ఊపిరి తగిలింది.