అమ్మ పెద్దపిల్ల

రొట్టె ముక్క నోట్లో పెట్టుకోగానే చిన్నకూతురి గుండె గుభేలుమంది. అచ్చం అమ్మ చేసినట్టే ఉంది.

సరిగ్గా అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది.

అమ్మ పోయి ఆ రోజుకు ఏడాది. మధ్యాహ్నం బేకరీ మూసేసి, పిండి పిసికే పెద్ద బల్ల చుట్టూ ఇంటివాళ్లంతా కూర్చున్నారు. ఒక్కొక్కరే అమ్మను తలచుకుంటున్నారు.

"మా అక్క రొట్టె అడుగున వేలితో తట్టి, చెవి పెట్టి వినేది. సరిగ్గా కాలిందో లేదో చప్పుడే చెప్పేస్తుందనేది," అన్నాడు మేనమామ. "మన సంగతీ అంతేగా! ఆవిడ ముందు ఎవడైనా అబద్ధమాడి బతికి బట్టకట్టాడా?"

"మాకన్నా ఆ జాడీ అంటేనే ప్రాణం," అని నవ్వాడు అన్నయ్య. "రైల్లో మమ్మల్ని కింద కూర్చోబెట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకునేది."

జాడీలో ఉండేది పులిసిన పిండి. ఈస్టుకు బదులు రోజూ అందులోంచి కాస్త తీసి కొత్త పిండిలో కలుపుతారు. తీసిన మేరకు మళ్లీ పిండీ నీళ్లూ వేస్తారు. నలభై ఏళ్లలో అమ్మ దాన్ని ఒక్కపూట కూడా పస్తు పెట్టలేదు. పిల్లలిద్దరికంటే ముందు పుట్టింది కాబట్టి దానికి 'పెద్దపిల్ల' అని పేరు పెట్టింది. రొట్టెను ఎవరు మెచ్చుకున్నా "అంతా మా పెద్దపిల్ల చలవ" అనేది.

అలాంటి పెద్దపిల్లను ఆసుపత్రి మంచం మీద నుంచి కోడలికి అప్పగించింది. పన్నెండేళ్ల వయసు నుంచి తన పక్కన నిలబడి పిండి పిసికిన కూతురి వైపు చూడనైనా చూడలేదు. చిన్నకూతురికి ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంది. ఆమెకూ అవతలి వీధిలో సొంత బేకరీ ఉంది. రొట్టెలు బాగానే పొంగుతాయి. కొనేవాళ్లే ఊరుకోరు. "బాగుందమ్మా, కానీ మీ అమ్మగారి చేతిది వేరు" అని గాలి తీసేసి పోతారు.

"ఇది తింటుంటే అమ్మ ఇక్కడే ఉన్నట్టుంది," అంటూ అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. అందరూ అవునన్నారు. అది చేసిన వదిన మాత్రం తల వంచుకుని రొట్టె కోస్తూనే ఉంది.

చిన్నకూతురు ఆ వంచిన తల మీంచి చూపు తిప్పలేదు. ఏదో దాస్తోంది. లేకపోతే ఈ రుచి ఎక్కడి నుంచి ఊడిపడింది?

మంచినీళ్ల నెపంతో లేచి లోపలికి వెళ్లింది. జాడీ మూత తీసి వాసన చూసింది. వేలితో కాస్త తీసి నాలుకకు రాసుకుంది. అలమార తలుపులన్నీ తెరిచింది. ఈస్టు డబ్బా లేదు. కొత్త పొట్లాలేవీ లేవు. పిండి బస్తా కూడా అమ్మ తెప్పించే రకమే.

"ఏం వెతుకుతున్నావు?"

వెనక వదిన. చేతిలో ఖాళీ పళ్లెం.

"ఇందులో ఉన్నది అమ్మదేనా, వదినా?"

వదిన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గబగబా తలుపు దగ్గరగా వేసింది. దొరికిపోయింది అనుకుంది చిన్నకూతురు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితేనేం? నిజం చెప్పు."

"మీ అన్నయ్యతో అనకు," అంది వదిన. "అత్తయ్య పోయాక ఇది చచ్చిపోయింది. ఎంత పిండి వేసినా పొంగదు. ఒక్క బుడగ రాదు. ఆవిడ నలభై ఏళ్లు సాకిందాన్ని నేను నాలుగు రోజుల్లో చంపుకున్నానే అని ఏడవని పూట లేదు."

"మరి బయటి నుంచి ఏం తెచ్చి కలిపావు?"

"అత్తయ్య మీద ఒట్టు, ఏమీ కలపలేదు. అప్పుడు కొట్టు మూసే ఉంది కదా. పొద్దునా సాయంత్రం మేత వేస్తూ దీని పక్కనే కూర్చున్నా. అత్తయ్యతో చెప్పుకున్నట్టు అన్నీ దీంతోనే చెప్పుకున్నా. పదో రోజు పొద్దున చూస్తే మూత లేచి ఉంది."

వదిన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే. చిన్నకూతురు ఆ చెవులను పరీక్షగా చూసింది. రంగు మారలేదు.

"ఒట్టి పిండీ నీళ్లేనా?"

"అంతే. ఇంకేం వేస్తాను?"

చిన్నకూతురు గోడకు ఆనుకుంది.

వదిన ఓ గాజు సీసా కడిగి, తుడిచి, జాడీలోంచి రెండు గరిటెల పిండి అందులో వేసింది.

"ఎప్పుడో ఇవ్వాల్సింది. ఇస్తానంటే నువ్వేమనుకుంటావోనని నోరు రాలేదు. నువ్వు ఆవిడ కడుపున పుట్టినదానివి. పెద్దపిల్ల నీ ఇంట్లోనూ ఉండాలి," అని సీసాను ఆమె చేతుల్లో పెట్టింది.

చిన్నకూతురు సీసా తీసుకుంది. ఎవరికీ చెప్పకుండా పెరటి తలుపు గుండా బయటపడింది.

ఇంటికి వెళ్లి ఆ సీసాను అలమారలో పెట్టింది, అమ్మ పోయిన రోజు అందరూ ముందు గదిలో ఏడుస్తుంటే జాడీ ఖాళీ చేసి, అందులో ఒట్టి పిండీ నీళ్లూ కలిపి పోసి, కొంగు చాటున తాను ఎత్తుకొచ్చిన అసలు పెద్దపిల్ల పక్కన.