అంకెలున్న వైపు

ఎర్ర స్పోర్ట్స్ కారు షెడ్డు ముందు ఆగగానే టైర్ల మేస్త్రీ గుర్తుపట్టాడు. కారునీ, కారులోవాణ్ణీ.

మూడేళ్ళ కిందట ఇదే కారు తలుపు వీడు తెరిచి పట్టుకుంటే, మేస్త్రీ భార్య తలొంచుకుని ఎక్కి కూర్చుంది. రోడ్డుకి అవతల నిలబడి మేస్త్రీ కళ్ళారా చూశాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆ కదలని కాళ్ళని తిట్టుకుంటూనే ఇన్నాళ్ళూ బతికాడు.

ఇప్పుడు వాడే కారు దిగి, తన కాళ్ళ మీద నడిచొచ్చాడు. మేస్త్రీ ఎవరో వాడికి తెలిసే వీల్లేదు. పెళ్ళి ఫొటోలు కూడా ఆవిడ ఇక్కడే పారేసి పోయింది.

“నాలుగు టైర్లూ మార్చాలండీ. అన్ని కాలాలకీ పనికొచ్చేవి ఉంటాయటగా, ఆల్ సీజన్ అని. అవి కావాలి.”

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు అరిగి అరిగి గుండు గీసినట్టున్నాయి.

“ఈ బండికి ఆల్ సీజనా? పరుగు పందెంలో ఉన్నవాడి చేతికి గొడుగిచ్చినట్టుంటుంది సార్.”

వాడు నవ్వాడు. ఈ నవ్వుకే పడిపోయుంటుంది, అనుకున్నాడు మేస్త్రీ.

“పరుగు తగ్గినా ఫర్వాలేదండీ. వానలో బ్రేకేస్తే ఆగాలి, అంతే. తనకి వానలో కారంటే భయం.”

తనకి!

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. డొక్కు స్కూటరు వెనక కూర్చుని పన్నెండేళ్ళు వానల్లో తడిసిన మనిషికి, కారెక్కాక కొత్తగా భయం పుట్టుకొచ్చిందా?

“ఆగుతుంది సార్. ఎందుకాగదు?” అన్నాడు.

గోడవార రాక్‌లో కొత్త సరుకుంది. పోయిన నెలే వచ్చింది. సరిగ్గా ఈ కొలతే. మేస్త్రీ చెయ్యి అలవాటుకొద్దీ అటే పోయింది. వెనక్కి లాక్కున్నాడు.

షెడ్డు వెనక రేకు చాటున ఇదే కొలతవి ఇంకో నాలుగున్నాయి. ఎవరూ కొనక తొమ్మిదేళ్ళుగా పడున్నాయి. చూడ్డానికి కొత్తవే, ఒక్క గాడీ అరగలేదు. కానీ లోపల రబ్బరు చచ్చిపోయింది. గోరు గుచ్చితే చెక్కకి గుచ్చినట్టే. పొడి రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తాయి. తడి రోడ్డు మీద సబ్బు ముక్కలే.

ప్రతి టైరు పక్కనా నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. టైరు ఎప్పుడు పుట్టిందో చెప్పే అంకెలు. కొనేవాళ్ళలో నూటికొకడు కూడా వాటి మొహం చూడడు. అందుకే ఇలాంటి ముసలి టైర్లని మేస్త్రీ కత్తితో అడ్డంగా కోసి పారేసేవాడు, ఇంకెవడూ పట్టుకుపోయి ఏ అమాయకుడికో అంటగట్టకుండా. ఈ నాలుగింటి దగ్గరే ఎందుకో బద్ధకించాడు. ఆ బద్ధకం ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

గుడ్డతో తుడిచాడు. నల్ల పాలిష్ పట్టించాడు. జుట్టుకి రంగేసుకున్న ముసలి పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడాయి.

“ఇవిగో సార్. ఎండా, వానా, చలీ, దేనికైనా సరే.”

అంకెలు చూస్తాడేమోనని వాడి కళ్ళనే కనిపెట్టి చూశాడు. వాడు టైర్ల వంక చూడనే లేదు. మేస్త్రీ చేతుల వంక చూస్తున్నాడు.

“మీరేవి వెయ్యమంటే అవేనండీ.”

“ఒకసారి చూసుకోండి సార్. రేపు నన్ననకూడదు.”

“మీరు చూశారుగా. చాలండీ.”

వెధవ, అనుకున్నాడు మేస్త్రీ. ఇంకొకడి పెళ్ళాన్ని ఎగరేసుకుపోయే తెలివుంది గానీ, టైరు కొనే తెలివి లేదు.

కారు జాకీ మీద లేచింది. ఆ నాలుగు టైర్లనీ, అంకెలున్న వైపు లోపలికి తిప్పి చక్రాలకి ఎక్కించాడు. గాలి కొలిచి పట్టాడు. నట్లు బిగించడం మొదలుపెట్టాడు. నట్టు నట్టుకీ ఆవిడ మాట ఒక్కోటి గుర్తొచ్చింది. ‘నీ నోట ఒక్క మంచి మాట రాదా?’ అనేది. ‘నీకు నాకన్నా టైర్లే ఎక్కువ’ అనేది. ఎక్కువే మరి. టైరు చెప్పకుండా లేచిపోదు.

వెళ్ళండి. ఇద్దరూ కలిసే వెళ్ళండి వానలో. మలుపులో వీడు బ్రేకు తొక్కుతాడు, ఆవిడ కెవ్వుమంటుంది. ఆ కేక వినడానికి తను దగ్గర ఉండడు. అదొక్కటే లోటు.

“అలా కూర్చోండి సార్,” అని కుర్చీ చూపించాడు, మర్యాదకి.

వాడు కూర్చోలేదు. పని అయ్యేదాకా చేతులు కట్టుకుని, హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డట్టు నిలబడే ఉన్నాడు. బేరమైనా ఆడలేదు. ఇవ్వాల్సింది ఇచ్చి, ఏదో చెప్పబోయి, ఆగిపోయి కారెక్కాడు.

బయట మబ్బు కమ్ముకొస్తోంది. కారు అద్దం మీద మొదటి చినుకు టప్పున పడింది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ దాన్ని తృప్తిగా చూశాడు.

కారు కాస్త కదిలి, ఆగింది. పక్క అద్దం కిందికి దిగింది.

అంకెలు గానీ చూశాడా?

వాడు తల బయటపెట్టి, వచ్చాక మొదటిసారి మేస్త్రీ కళ్ళలోకి సూటిగా చూశాడు.

“మీ ముందుకు రావడానికి నాకు మొహం చెల్లలేదండీ, కానీ ‘మన మీద ఆయనకి చంపేద్దామన్నంత కోపమున్నా సరే, టైరు దగ్గర మాత్రం మోసం చెయ్యడు, అక్కడికే వెళ్ళు’ అని తనే పట్టుబట్టి పంపించింది.”