గింజలు మాత్రం ఇచ్చి వెళ్ళు

వెన్న కొనడానికి కొండ మీది ఊరికి వెళ్ళిన దెచెన్, నొర్ఫెల్ పెరట్లో పండ్లతో నిండిన ఆప్రికాట్ చెట్టు చూసి ఆగిపోయింది.

"ఇంత చలి ఊళ్ళో ఎలా బతికిందయ్యా? నిరుటి మంచుకి కింద ఊళ్ళో మా చెట్టే ఎండిపోయింది!"

"చలికాలమంతా యాక్ బొచ్చు కంబళి చుట్టానక్కా. ఎన్నయినా తిను. గింజలు మాత్రం ఇచ్చి వెళ్ళు."

"లద్దాఖ్‌లో పుట్టినదానికి ఆ ఆచారం కొత్తా? పండు తిన్నవాళ్ళది, గింజ చెట్టువాళ్ళది!" అంటూ ఒక పండు కొరికింది. అచ్చం తన చెట్టు రుచే!

"ఓరి దొంగా! ఏటా మా తోటలో తిని, ఖాళీ చేతులు చూపించి వెళ్ళేవాడివి కదరా. గింజ ఎక్కడ దాచావు?"

నొర్ఫెల్ నవ్వుతూ బుగ్గ తట్టుకున్నాడు.

కడుపునిండా తిన్నాక దెచెన్ గింజలు అతని దోసిట్లో పోసింది. నోరు తెరవకుండా తలూపి, గబగబా దారి పట్టింది.

"అక్కా," వెనక నుంచి కేకేశాడు నొర్ఫెల్, "మొక్కకి కంబళి చుట్టడం మరిచిపోకు!"