దక్కిన కాలు

“చుట్టా, కాలూ. రెండిట్లో నీకు ఒక్కటే మిగులుతుంది. ఏది కావాలో తేల్చుకో” అన్నాడు డాక్టరు ఉమాశంకర్.

నూకయ్యది సముద్రం మీద చేపలవేట. నడుస్తుంటే కుడి పిక్క పట్టేస్తోందని, కాసేపు నిలబడితే వదిలేస్తోందని చెప్పుకుందామని సముద్రపు ఒడ్డు పల్లె నుంచి శ్రీకాకుళం వచ్చాడు. కాలి రక్తనాళాలు పూడుకుపోతున్నాయని, అశ్రద్ధ చేస్తే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

“యేటకెళ్లీవోణ్ణి బాబూ. కాలు లేపోతే నాను సచ్చినోడితో సమానం.”

“అందుకే చెప్తున్నాను. చుట్ట మానెయ్యి. మాత్రలు వేసుకో. రోజూ నడు. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడిచి ఆగు, తగ్గాక మళ్లీ నడు. మెల్లమెల్లగా కాలికి రక్తం బాగా అందుతుంది.”

గుమ్మం దగ్గర నిలబడ్డ పెళ్లాం అసిరమ్మ చేతులు జోడించింది. “నాను దగ్గిరుండి నడిపిస్తాను బాబూ.”

నూకయ్య మొండిఘటం. ఆ పూటే చుట్ట మానేశాడు. మానేశాడు సరే, ఇంట్లో చుట్టల కట్ట ఉండిపోయింది. పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. తెచ్చి పెళ్లాం ఒళ్లో పడేశాడు.

“ఇవి నువ్వు కాల్సీయ్. పొగ మాత్రం నా మీదకి రానీకు.”

“నిప్పు నోట్లో ఎట్టుకుంటాను గదా మావా, పొగెక్కడికొస్తాది?”

అదీ నిజమే. ఆ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టని తిరగేసి, వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డచుట్ట అంటారు దాన్ని. అసిరమ్మ వాళ్లమ్మా అలాగే కాల్చింది, అమ్మమ్మా అలాగే కాల్చింది.

మర్నాటి నుంచి తెల్లారగానే నడక మొదలు. తీరం వెంట మట్టిరోడ్డు మీద ముందు నూకయ్య, వెనక నెత్తిన ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుని అసిరమ్మ. పిక్క పట్టేసినప్పుడు మహారాజు కూర్చోవాలి కదా. ఆయనగారు స్టూలు మీద కూర్చుని సముద్రం చూసేవాడు. ఆవిడ పక్కన నిలబడేది.

అంతలా కనిపెట్టుకుని ఉండటం ఎవరివల్లా కాదు. ఆయనకి నొప్పి రాకముందే ఆవిడకి తెలిసిపోయేది.

“ఆగుదామేటి మావా? పిక్క పట్టీసుంటాది. కాసేపు కూకుందాం.”

“నా పిక్క పట్టీసిందో లేదో నాకు తెల్దేటే? నా కాలు బాగవడం నీకిష్టం లేదేటి? నడు.”

నడిచేది.

వేళకి మాత్రలు అందించేది. సాయంత్రం ఆయన పాదాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచేది. చేపల తట్ట నెత్తినెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి, ఇప్పుడు రోడ్డువారగా కూర్చుని అమ్ముకుంటోంది. రాత్రిళ్లు పక్క మీద ఒరగడం కూడా మానేసింది. అరుగు మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని, కూర్చునే కునుకు తీసేది.

“మొగుడి మీద అంత బెంగెట్టుకుంటే ముందు నువ్వు పోతావే” అని పక్కింటి లక్ష్మణమ్మ కేకలేసింది. అసిరమ్మ నవ్వేసింది. పల్లెలో అత్తలందరూ కోడళ్లకి ఆవిణ్ణే చూపించి బుద్ధులు చెప్పారు.

ఒక్కరోజు మాత్రం ఆవిడ కదల్లేదు.

“ఈయాల నాను రాలేను మావా. ఆల్చిప్ప కోసీసింది. కాలు కింద ఎట్టలేపోతన్నాను.”

నూకయ్యకి ఒళ్లు మండింది. “గుడ్డ కట్టుకుని సాకులు సెప్తన్నావేటే? నా కాలు పోవాలని సూస్తన్నావు. నాను మంచాన పడితే నీకు సంబరం.”

స్టూలుని ఒక్క తన్ను తన్నాడు. కుడికాలితోనే తన్నాడు. అప్పటికే దానికి అంత బలం వచ్చింది మరి.

అసిరమ్మ వెళ్లి, దొర్లిపోయిన స్టూలు ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

వానలు వెళ్లి చలిగాలి మొదలయ్యేసరికి నూకయ్య లైట్‌హౌస్ దాకా ఒక్క బిగిన నడిచి వచ్చేస్తున్నాడు. స్టూలుతో పని లేకపోయింది. పెళ్లాం ఎంత దూరంలో వస్తోందో వెనక్కి తిరిగి చూసుకునేవాడు కాదు. ఎవరైనా అడిగితే, “దానికి ఒళ్లు బరువెక్కీసింది” అనేవాడు.

మళ్లీ శ్రీకాకుళం బస్సెక్కారు. అసిరమ్మ ఆస్పత్రి బయట బల్ల మీద కూలబడింది. లోపల డాక్టరు నూకయ్య చేతికీ కాలికీ బీపీ పట్టీలు బిగించి చూశాడు. పాదం మీద వేళ్లు పెట్టి నాడి చూశాడు. ఆయన మొహం విప్పారింది.

“శభాష్ నూకయ్యా. రక్తం బాగా అందుతోంది. నీ కాలికి ఇప్పట్లో భయం లేదు.”

నూకయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత మొండిమనిషీ డాక్టరు చేతులు పట్టుకుని వదల్లేదు.

“ఇదంతా మీ ఆవిడ చలవ. తోడు లేకుండా ఇంత నడక ఎవరూ నడవలేరు.”

“అదేటి సేసింది బాబూ. దారంతా ఆగుదాం, కూకుందాం అని పీక్కు తినీసింది. దాని మాట యినుంటే నాకీ కాలు దక్కీదా?”

డాక్టరు నవ్వాడు. “అలా అనకు. ఒకసారి లోపలికి పిలు, నేనే మెచ్చుకోవాలి ఆవిణ్ణి.”

నూకయ్య తలుపు తీసి కేకేశాడు. “ఒసే, బాబు పిలస్తన్నారు, లెగు.”

గోడ పట్టుకుని లోపలికి వచ్చిన అసిరమ్మ నల్లబడిన పాదం చూసి డాక్టరు, నీ జబ్బే ఈవిడకి నీకంటే ముందునుంచీ ఉందనీ, ఈ కాలు ఇవాళే మోకాలి పైదాకా తీసేయాలనీ చెప్పాడు.